జపనీయులు ఇంగ్లీషు మాటల్ని ఎందుకలా కురచ చేస్తారు?

'పసొకొన్', 'సుమహొ' లాంటి మాటలు జపాన్‌లో ఎలా పుట్టాయని అడిగారు. మూలం ఉచ్చారణలో ఉంది. జపనీస్‌లో దాదాపు ప్రతి హల్లు వెంటా అచ్చు రావాలి. దాంతో పర్సనల్ కంప్యూటర్ కాస్తా 'పాసొనరు కొంప్యూతా' అయి చాంతాడంత సాగుతుంది. దీర్ఘాన్ని కురచ చేసి, రెండు పదాల మొదట్లోంచీ రెండేసి మాత్రలు (మాటను పలికే కాలపు కొలతలు) తీసి కలిపితే 'పసొకొన్': ప-సొ-కొ-న్. నాలుగు మాత్రల ఈ కొలత వాళ్ల నాలుకకు బాగా అలవాటు. స్మార్ట్‌ఫోన్‌కి మూడే చాలాయి: 'సుమహొ'.

ఇది ఇంటర్నెట్ వచ్చాక మొదలైంది కాదు. నాకు బాగా నచ్చే ఉదాహరణ 'సబొరు', అంటే క్లాసు ఎగ్గొట్టడం. 1919లో కోబేలోని కవాసాకి ఓడల కార్ఖానా కార్మికులు పని మానకుండానే కావాలని నెమ్మదించారు. పత్రికలు దాన్ని ఫ్రెంచి మాటతో 'సబొతాజు' (సాబొటాజ్) అన్నాయి. జనం 'సబొ' మిగుల్చుకుని, చివర 'రు' తగిలించి అచ్చమైన జపనీస్ క్రియ చేసేశారు. కార్మికుల పోరాటపు మాట విద్యార్థుల నోట బడి, క్లాసో పనో ఎగ్గొట్టడమనే అర్థానికి మారింది. ఇప్పుడు చాలామందికి అది విదేశీ మాటని తట్టనే తట్టదు. గూగుల్‌లో వెతకడాన్ని 'గుగురు' అనడమూ అదే పద్ధతి.