ఇంటికొచ్చేసరికి లైటు వెలగట్లేదన్న తమ్ముడికి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివా. షికాగో పక్కన షాంబర్గ్‌లో దిగి మూడు నెలలైంది, ఫోన్ యాప్‌తో నడిచే స్మార్ట్ బల్బులు నాలుగు కొన్నా, రోజు మార్చి రోజు వైఫై నుంచి పడిపోతున్నాయి, ఆఫీసు నుంచి వచ్చేసరికి ఇల్లంతా చీకటి అని రాశావు. నువ్వు అడిగింది బల్బు గురించే గానీ నన్ను పట్టుకున్నది ఆ చివరి మాట. ఇది నేను పడి వచ్చినదే, అందుకే కాస్త పొడుగ్గా చెప్తా, ఓపిగ్గా చదువు.

నేను 2016 జనవరిలో దిగా, నువ్వున్న చుట్టుపక్కలే, ఒక బెడ్‌రూమ్ అపార్ట్‌మెంట్. నువ్వూ చూసే ఉంటావు, ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో హాల్లో సీలింగ్ లైటే ఉండదు, మనమే స్టాండు ల్యాంపు కొని సాకెట్‌లో పెట్టుకోవాలి, తలుపు పక్కన స్విచ్ నొక్కితే ఆ సాకెట్‌లో సగానికి కరెంటు వస్తుంది, ఆపితే పోతుంది. ఈ స్విచ్ సంగతి గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తా.

తెనాలిలో మా ఇంట్లో అసురసంధ్య వేళకి గుమ్మం లైటు పడకపోతే అమ్మ ఊరుకునేది కాదు. ఎవరూ లేకపోయినా సరే ఇల్లు చీకటిగా ఉండకూడదు, అంతే. ఇక్కడ డిసెంబర్‌లో 4:20కే పొద్దు గుంకుతుంది. నేను ఇల్లు చేరేది ఆరింటికి, అంటే అక్కడ తెల్లారి ఐదున్నర, అమ్మ లేచి వీడియో కాల్ చేసే టైమ్. తలుపు తీస్తే కటిక చీకటి, చేతిలో ఫోన్ మోగుతూ ఉంటుంది, ఎత్తగానే "ఏంరా చీకట్లో ఉన్నావ్, ఇంట్లో లైటు వేసేవాళ్ళు కూడా లేరా" అనేది. మంచులో కారు నడపడం నేర్చుకున్నా, వంట నేర్చుకున్నా, ఆఫీసులో ఎవరి సాయం లేకుండా నిలబడ్డా, కానీ ఆ చీకటి తలుపు తియ్యడం మాత్రం ఆ చలికాలమంతా అలవాటు కాలేదు నాకు.

అందుకని తర్వాతి నవంబర్‌లో రెండు వైఫై బల్బులు కొన్నా. రోజూ నాలుగింటికి వాటంతట అవే వెలిగేలా పెట్టా. మొదటి రోజు కింద పార్కింగ్‌లోంచి తలెత్తి చూస్తే మా కిటికీలో లైటు, ఎవరో ఇంట్లో ఉండి నా కోసం చూస్తున్నట్టే ఉంది. కాసేపు కార్లోనే కూర్చుని చూశా.

వారం తిరక్కుండానే ఆఫ్‌లైన్ అని రావడం మొదలైంది. ఇంక రోజూ రాత్రి అదే పని, బల్బు ఆపడం వెయ్యడం ఆపడం వెయ్యడం, రీసెట్ చేసి మళ్ళీ యాప్‌లో ఎక్కించడం, పొద్దున బాగుంటుంది సాయంత్రానికి పోతుంది. ఇది పనికిరాదని ఇంకో కంపెనీవి కొన్నా, అవీ అంతే. కాంప్లెక్స్‌లో పది తెలుగు కుటుంబాలున్నాయి, ఒక్కళ్ళని అడగలేదు. ఐటీలో పనిచేస్తూ బల్బు గురించి అడిగితే ఏమనుకుంటారో అని. రెండు నెలలు అలా ఒక్కడినే కుస్తీ పట్టా, ఇప్పుడు తలుచుకుంటే ఆ రెండు నెలలకే బాధేస్తుంది, బల్బులకి పెట్టిన డబ్బుకి కాదు.

సంక్రాంతికి కింద ఫ్లోర్‌లో ఉండే నెల్లూరు ఆయన అరిసెలు ఇవ్వడానికి పైకి వచ్చారు, దగ్గర్లో అరోరా ఊళ్ళో ఉన్న బాలాజీ గుడికి వెళ్తున్నాం నువ్వూ రా అన్నారు. తాళం వేసేముందు నేను అలవాటుగా తలుపు పక్క స్విచ్ ఆపేశా. ఆయన చూసి "అదేంటయ్యా, బల్బుకి కరెంటే లేకుండా చేసి వెళ్తే సాయంత్రం ఎలా వెలుగుతుంది" అన్నారు. చూడు, బయటికెళ్తూ స్విచ్చులన్నీ ఆపడం మనకి చిన్నప్పటి నుంచి చేతికి పట్టేసిన అలవాటు, ఆపినట్టు కూడా తెలీదు. సగం రోజులు నా బల్బు పడిపోవడానికి వైఫైతో సంబంధమే లేదు. నువ్వు కూడా ముందు అదే చూసుకో, స్మార్ట్ బల్బుకి గోడ స్విచ్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉండాలి, ఆపాలంటే యాప్‌లోనే ఆపాలి.

గుడి నుంచి వచ్చాక ఆయనే నా రౌటర్ కూడా చూశారు. కేబుల్ వచ్చే చోటు అదే అని వంటింటి గట్టు మీద మైక్రోవేవ్ పక్కన పెట్టా. రౌటర్ వైఫైని రెండు దారుల్లో పంపుతుంది, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్ అని. వైఫై బల్బులు చాలావరకు 2.4 మీదే నడుస్తాయి, 5 వాటికి తెలీదు, మైక్రోవేవ్ కూడా పనిచేసేది ఆ 2.4 దగ్గరే, అన్నం వేడి చేసిన ప్రతిసారీ దాని గోలలో బల్బు గొంతు వినపడదు. పొడుగు వైరు కొని రౌటర్‌ని హాల్లోకి తెచ్చాం. ఇంకోటి, అపార్ట్‌మెంట్లో పక్కవాళ్ళవి, పైవాళ్ళవి కలిపి ముప్పై వైఫైలు కనిపిస్తాయి కదా, 2.4లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే ఛానెళ్ళు మూడే, 1, 6, 11. రౌటర్‌ని ఆటోలో వదిలేస్తే అది రాత్రిళ్ళు ఛానెల్ మారుస్తుంది, ఫోన్లు లాప్‌టాప్‌లు దాని వెనక వెళ్తాయి, చవక బల్బులు కొన్ని వెళ్ళలేక అక్కడే ఉండిపోతాయి. ఏది ఖాళీగా ఉందో చూసి ఆ మూడింట్లో ఒకటి స్థిరంగా పెట్టు, ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ పెట్టు. 2.4కి, 5కి ఒకే పేరు ఉంటే బల్బు ఎక్కించేటప్పుడు మొరాయిస్తుంది, కాసేపు 5 ఆపేసి ఎక్కించు, లేదా 2.4కి వేరే పేరు పెట్టెయ్. ఇదంతా మాకు పట్టింది అరగంట. ఆ రాత్రి వాళ్ళింట్లోనే తిన్నా, ఏడాది తర్వాత ఇంకొకళ్ళ ఇంట్లో కూర్చుని తిన్న మొదటి భోజనం అది.

తర్వాత కూడా తప్పులు చేశా. రౌటర్ అద్దె దండగని సొంతది కొని దానికి కొత్త పేరు పెట్టా, అప్పటికి ఇంట్లో 14 బల్బులు, అన్నీ ఒకేసారి పోయాయి, ఆదివారం మొత్తం నిచ్చెన మీదే. కొత్త రౌటర్‌కి పాత పేరు, పాత పాస్‌వర్డ్ అక్షరం తేడా లేకుండా పెడితే అవే వచ్చి కలుస్తాయి, ఎవరూ చెప్పలేదు నాకు. వైఫైకి వేసే తాళం, అదే రౌటర్‌లో సెక్యూరిటీ అని ఉంటుంది, అది కూడా కొత్త రకం డబ్ల్యూపీఏ3 ఒక్కటే పెడితే పాత బల్బులు రావు, డబ్ల్యూపీఏ2 ఉంచు. ఇండియా నుంచి ఎవరైనా వస్తుంటే బల్బులు తెప్పించుకోకు, అక్కడి పిన్ను బల్బు ఇక్కడి మరలో పట్టదు, అక్కడ 230 వోల్టులు ఇక్కడ 120. వెలుతురు తగ్గించే పెంచే డిమ్మర్ స్విచ్ ఉన్న చోట స్మార్ట్ బల్బు పెట్టకు. మూత ఉన్న గ్లాసు డోములో పెడితే వేడికి చస్తుంది, డబ్బా మీద రాసే ఉంటుంది. అపార్ట్‌మెంట్లో స్విచ్చులు, లైటు ఫిటింగులు మార్చొచ్చా లేదా అనేది లీజులో ఉంటుంది, చదువుకో.

ఇప్పుడు నీది. నాలుగూ ఒకేసారి పోతున్నాయా, ఒక్కటే పోతోందా, ఒక వారం కాగితం మీద టైమ్‌తో సహా రాసి పెట్టుకో. మీ తరం వాళ్ళు వీడియో చూసి గబగబా రీసెట్ కొట్టేస్తారు, రీసెట్ కొడితే జబ్బు దాక్కుంటుంది. నాలుగూ కలిసి పోతే రౌటర్, ఛానెల్. ఎప్పుడూ ఒకటే పోతే అది దూరంగా ఉన్నట్టు, లేదా ఆ ల్యాంపు, ఆ స్విచ్. దాన్ని తీసి రౌటర్ దగ్గర ల్యాంపులో పెట్టి రెండు రోజులు చూడు, అక్కడా పోతే బల్బే పాడు, తిరిగి ఇచ్చెయ్. రెంట్‌లోనే వైఫై కలిపి, బ్రౌజర్‌లో లాగిన్ పేజీ వచ్చే రకం అయితే బల్బు ఆ పేజీ దాటలేదు, పరికరాలకి వేరే పాస్‌వర్డ్ ఇస్తారేమో లీజింగ్ ఆఫీసులో అడుగు. ఇల్లు కొని బల్బులు పెరిగాక అప్పుడు హబ్ ఉన్నవి చూసుకోవచ్చు, అంటే బల్బులు వైఫైకి కాకుండా ఒక చిన్న డబ్బాకి కలుస్తాయి, ఫిలిప్స్ హ్యూ బల్బుల డబ్బా, మామూలు హ్యూ బ్రిడ్జి ఒక్కటి 50 లైట్ల దాకా మోస్తుంది, రౌటర్ మీద భారం ఉండదు. మా ఇంట్లో ఇప్పుడు 23 లైట్లు, కిందటి చలికాలం ఒక్కటి కూడా పడలేదు, అన్నీ నా చేత్తో సర్దినవే. ఇప్పుడే నీకు అవేం వద్దు.

అమ్మానాన్న వచ్చినప్పుడు మాత్రం స్విచ్ మీద టేపు వెయ్యి, చెప్తే వినరు, పడుకునేముందు ఇల్లంతా తిరిగి ఆపేస్తారు. మా అమ్మ ఆరు నెలలూ ఆపింది, ఆ ఆరు నెలలూ నేను ఒక్క మాట అనలేదు, ఇంట్లో మనిషి ఉన్నప్పుడు బల్బు ఆఫ్‌లైన్ అయితే ఏంటి.

లైట్లు ఎన్నింటికి వెలగాలో రాశావు గానీ సాయంత్రాలు ఎవరితో మాట్లాడతావో రాయలేదు. రాత్రి ఎవరితో తింటున్నావు? శనివారాలు ఏం చేస్తున్నావు? ఈ శనివారం ఛానెల్ మార్చేటప్పుడు ఒక్కడివే చెయ్యకు. మెయిల్‌బాక్సుల దగ్గర తెలుగు వినపడిన వాళ్ళెవరినైనా పైకి పిలువు, ఒకళ్ళు రౌటర్ దగ్గర ఉండి ఇంకొకళ్ళు బల్బు దగ్గర ఉంటే పని తొందరగా అవుతుంది. పాలు ఉన్నాయో లేదో ముందే చూసుకో, టీ పెట్టాలి.