మొదటి వంటిల్లు: ముందు ఏవి కొనాలి, ఏవి ఆగాలి?

ప్రశ్న: ఉద్యోగరీత్యా మొదటిసారి విడిగా ఇల్లు తీసుకున్నాను. టీ కాచుకోవడం, గుడ్లు ఉడకబెట్టుకోవడం తప్ప నాకు వంట రాదు. నేర్చుకోవాలని మాత్రం గట్టిగా ఉంది. వంటింటికి కావలసిన సామాను ఏమిటని వెతికితే ఒక్కొక్కరు డెబ్బై, ఎనభై వస్తువులు చెబుతున్నారు. అన్నీ కొనే స్తోమత లేదు, పెట్టుకునే చోటూ లేదు. నిజంగా మొదట ఏవి అవసరమో చెప్పగలరా?

జవాబు: ఆ జాబితాలన్నీ పక్కన పెట్టి, రాబోయే రెండు వారాల్లో మీరు వండి తినాలనుకుంటున్న నాలుగైదు వంటకాల పేర్లు ఒక కాగితం మీద రాయండి. అన్నం, ఉడికించిన పప్పు, ఏదో ఒక కూర, గుడ్డుతో ఒకటి, ఒక సూప్ అనుకుందాం. ఒక్కొక్క వంటకం కింద దానికి ఏ పాత్ర కావాలో, ఏ దినుసులు కావాలో రాసుకోండి. మూడు నాలుగు చోట్ల మళ్లీ మళ్లీ కనిపించినవి మీకు నిజంగా అవసరమైనవి; ఒక్కచోటే కనిపించినవి ఆగగలవు. వంటిల్లు ఎవరో రాసిన జాబితాను బట్టి కాకుండా మీరు వండబోయే దాన్ని బట్టి అమరాలి. కొత్తగా వంట మొదలుపెట్టేవారికి ఇంతకు మించి ముఖ్యమైన సలహా నా దగ్గర లేదు.

ఈ లెక్కన చూస్తే పాత్రలు మూడు చాలు: మూడు లీటర్లు పట్టే లోతైన గిన్నె ఒకటి, లీటరు లేదా లీటరున్నర పట్టే చిన్న గిన్నె ఒకటి, 24 నుంచి 26 సెంటీమీటర్ల వెడల్పున్న మూకుడో ఫ్రైయింగ్ పానో ఒకటి. మూడింటికీ సరిగ్గా కూర్చునే మూతలు ఉండాలి. మూత ఉంటే ఆవిరి బయటికి పోకుండా వంట త్వరగా అవుతుంది. ఎప్పుడైనా మూకుట్లో నూనె అంటుకుంటే మంటను ఆర్పేదీ ఆ మూతే. పొయ్యి కట్టేసి, మూతను పక్కనుంచి జరుపుతూ కప్పి, పాత్ర పూర్తిగా చల్లారేదాకా తీయకూడదు. మండుతున్న నూనె మీద నీళ్లు ఎన్నడూ పోయవద్దు. నీరు క్షణంలో ఆవిరై, మండే నూనెను నలువైపులా చిమ్ముతుంది.

పది పన్నెండు పాత్రలు కలిపి అమ్మే సెట్లు చూడటానికి ముచ్చటగానే ఉంటాయి కానీ, వాటిలో సగం మీ అలమారలోనే ఉండిపోతాయి. అదే డబ్బుతో మంచి గిన్నెలు రెండు విడిగా కొనుక్కోండి. మంచి గిన్నె అంటే అడుగు మందంగా ఉన్నది. అల్యూమినియంతో పోలిస్తే స్టెయిన్‌లెస్ స్టీలు వేడిని పదో వంతు కూడా ప్రసరింపజేయదు. అందువల్ల పలుచని స్టీలు గిన్నెలో మంట తగిలిన చోట మాడిపోతుంది, పక్కన పచ్చిగానే ఉంటుంది. రెండు స్టీలు పొరల మధ్య అల్యూమినియం పొర పెట్టి చేసిన పాత్రల్లో ఈ ఇబ్బంది ఉండదు. కొనే ముందు పాత్రను బల్ల మీద పెట్టి అంచును వేలితో నొక్కండి. అది ఊగితే వద్దు. పిడిని ఒక్క చేత్తో పట్టుకుని పైకెత్తి, ఇందులో రెండు లీటర్ల నీళ్లుంటే వంచగలనా అని ఆలోచించండి. పిడిని బిగించిన మేకులు కదులుతున్నాయేమో కూడా చూడండి. ఇండక్షన్ పొయ్యి మీద వండేవారు ఒక అయస్కాంతం వెంట తీసుకెళ్లాలి. అది అడుగుకు గట్టిగా అంటుకుంటేనే ఆ పాత్ర పనికొస్తుంది.

పాత్రల కన్నా ఎక్కువ ఆలోచించి కొనవలసింది చాకు. ఒక్క మంచి చాకు చాలు, దాని అలుగు, అంటే కోసే భాగం, 15 నుంచి 20 సెంటీమీటర్ల పొడవుంటే సరిపోతుంది. పదునైన చాకు అంటే కొత్తవారికి భయం ఉంటుంది. నిజానికి వేళ్లు ఎక్కువగా తెగేది మొద్దు చాకుతోనే, ఎందుకంటే అది తెగక జారుతుంది, జారినకొద్దీ మనం ఇంకా బలంగా నొక్కుతాం. బాగా పండిన టమాటా మీద చాకు పెట్టి, నొక్కకుండా వెనక్కి లాగితే తొక్క తెగాలి. తెగకపోతే సాన పెట్టే సమయం వచ్చిందన్నమాట. పట్టుకునేటప్పుడు పిడి చివర కాకుండా, అలుగు, పిడి కలిసే చోట బొటనవేలు, చూపుడువేలు రెండువైపులా ఆనించి పట్టుకోండి. కూరగాయను పట్టుకున్న రెండో చేతి వేళ్ల కొనలు లోపలికి మడిచి ఉండాలి. కింద చెక్క బోర్డో ప్లాస్టిక్ బోర్డో వాడండి. గాజు పలక మీద కోస్తే పదును త్వరగా పోతుంది. బోర్డు కింద తడి గుడ్డ పరిస్తే అది కదలదు. మాంసం, చేపలు వండేవారు వాటికి వేరే బోర్డు పెట్టుకోవడం తప్పనిసరి. పచ్చి మాంసం కోసిన పలక మీదే పచ్చిగా తినే కూరగాయలు కోయడం ప్రమాదం.

ఇక మిగిలినవి చిన్నవే: ఒక గరిటె, ఒక అట్లకాడ, వడకట్టడానికి చిల్లుల గిన్నె, తొక్క తీసే పీలర్, వేడి గిన్నె దించడానికి పట్టకారు, పొడిగుడ్డలు కొన్ని. మిక్సీ, అవెన్, ఎయిర్ ఫ్రయర్ వంటివి మొదటి మూడు నెలలు ఆపండి. అప్పటికి ఏది లేక మీ పని పదేపదే ఆగుతోందో మీకే తెలుస్తుంది.

ప్రశ్న: నాన్‌స్టిక్ పెనం ఆరోగ్యానికి మంచిది కాదని కొందరు, అది లేకుండా కొత్తవాళ్లు వండలేరని కొందరు అంటున్నారు. ఏది నమ్మాలి?

జవాబు: సరిగ్గా వాడితే నాన్‌స్టిక్‌తో భయం లేదు. గుడ్లు, పలుచని పిండి వంటి అంటుకునే పదార్థాలకు కొత్తవారికి అది చాలా ఊరటనిస్తుంది. అయితే దాని మీది పూత సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దాటితే చెడిపోవడం మొదలవుతుంది, ఇంకా వేడెక్కితే హానికరమైన పొగలు వస్తాయి. ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద వదిలేస్తే ఆ వేడికి చేరడానికి కొద్ది నిమిషాలే పడుతుంది. కాబట్టి నూనె వేశాకే పొయ్యి వెలిగించండి, మంట మధ్యస్థంగా ఉంచండి, చెక్క లేదా సిలికాన్ గరిటెలే వాడండి, పూత లేచిపోయిన పెనాన్ని మాత్రం మొహమాటపడకుండా తీసేయండి. ఈ పెనం కొన్నేళ్లకు మించి ఉండదని తెలిసే కొనాలి, అందుకే ఖరీదైనది అక్కర్లేదు. ఎక్కువ కాలం మన్నేది కావాలంటే పోత ఇనుము పెనం మంచిది. పలుచగా నూనె రాసి బాగా కాల్చినకొద్దీ దాని మీద నల్లని గట్టి పొర ఏర్పడి, అదే అంటుకోకుండా చూస్తుంది. పులుపు ఎక్కువున్నవి అందులో చాలాసేపు ఉడికిస్తే ఆ పొర పోతుంది, కడిగాక తుడవకుండా వదిలేస్తే తుప్పు పడుతుంది. రోజూ ఆ మాత్రం శ్రద్ధ పెట్టలేనివారు ఇంకొన్నాళ్లు ఆగడమే మేలు.

ప్రశ్న: ఉత్సాహంగా సరుకులన్నీ తెచ్చి డబ్బాలు నింపుకున్నాను. రెండు నెలల్లో పిండికి పురుగు పట్టింది, బంగాళదుంపలు మొలకెత్తాయి, మసాలా పొడులకు వాసనే లేదు. ఏవి ఎంత కొనాలి, ఎలా దాచాలి?

జవాబు: ఒక్క మనిషి వంటకు నెల సరుకులు ఒకేసారి తెచ్చుకోవాలనే ఆలోచనే ఈ నష్టానికి మూలం. ఒక్కో దినుసు ఎందుకు, ఎంత త్వరగా చెడిపోతుందో తెలిస్తే ఎంత కొనాలో దానంతట అదే తేలుతుంది.

ఉప్పు, పంచదార తడి తగలనంత కాలం చెడవు. వాటిని ఎంతైనా కొనవచ్చు. తెల్ల బియ్యం కూడా గాలి, తేమ, పురుగు చేరకపోతే చాలాకాలం ఉంటాయి. ముడి బియ్యానికి తవుడు పొర ఉంటుంది, ఆ పొరలో నూనె ఉంటుంది, ఆ నూనె గాలి తగిలి కనరెక్కుతుంది. పొట్టుతో సహా ఆడించిన గోధుమపిండి, వేరుశనగ గుళ్లు, నువ్వులు త్వరగా పాడవడానికీ కారణం అదే. కాబట్టి నూనె ఉన్న దినుసు ఏదైనా తక్కువ కొనండి, వీలైతే ఫ్రిజ్‌లో పెట్టండి. వంట నూనెకూ ఇదే వర్తిస్తుంది. పొయ్యి పక్కన, కిటికీ వెలుతురులో ఉంచిన పెద్ద సీసా కన్నా, అలమార చీకట్లో ఉంచిన చిన్న సీసా మేలు. వాడే ముందు ఒక్కసారి వాసన చూడటం అలవాటు చేసుకోండి.

పిండిలో కనిపించిన పురుగు బయటి నుంచే రానక్కర్లేదు. గుడ్ల రూపంలో సరుకుతోనే వచ్చి ఉండవచ్చు. కొత్తగా తెచ్చిన పిండిని, పప్పులను గాలి చొరని సంచిలో కట్టి నాలుగైదు రోజులు ఫ్రీజర్‌లో ఉంచితే ఆ గుడ్లు చనిపోతాయి. బయటికి తీశాక వెంటనే విప్పకూడదు. గది వేడికి వచ్చేదాకా ఆగకపోతే గాలిలోని తేమ పిండి మీద చేరుతుంది. పాత పిండి మీద కొత్త పిండి ఎన్నడూ పోయకండి. డబ్బా ఖాళీ చేసి, కడిగి, పూర్తిగా ఆరాకే నింపండి. డబ్బా మీద కొన్న తేదీ రాసిన చిన్న కాగితం అతికించండి.

పప్పులు, గింజలు పురుగు పట్టకపోయినా పాతబడినకొద్దీ గట్టిపడి, గంటల తరబడి ఉడికించినా మెత్తబడవు. అవి ఉడకకముందే టమాటా వంటి పులుపు వేసినా, నీళ్లలో కాల్షియం ఎక్కువున్నా ఉడకడం ఇంకా ఆలస్యమవుతుంది. కొత్తవారు తప్పక తెలుసుకోవలసిన ఒక జాగ్రత్త కూడా ఉంది. రాజ్మా గింజల్లో సహజంగానే ఒక విషపదార్థం ఉంటుంది. వాటిని రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో పది నిమిషాలకు తగ్గకుండా తెర్లనిచ్చాకే మిగతా వంట సాగించాలి. సన్నని సెగ మీద అరకొరగా ఉడికిన గింజలు కొద్దిగా తిన్నా వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి.

మసాలాల విషయంలో పొడులకు బదులు గింజలు కొనండి. మిరియాలు, జీలకర్ర వంటివి గింజగా ఉన్నంత కాలం వాటి సుగంధ తైలాలు లోపలే ఉంటాయి. పొడి చేసిన క్షణం నుంచి అవి గాలిలో కలిసిపోతుంటాయి. గింజలు రెండేళ్లకు పైగా నిలుస్తాయి, పొడులు కొన్ని నెలలకే చప్పబడతాయి. చిటికెడు పొడి అరచేతిలో వేసి నలిపి చూడండి. వాసన ముక్కుకు తగలకపోతే అది వంటలోనూ తగలదు. మొదట్లో మూడు నాలుగు రకాలతో వండుతూ, వాటి రుచి నాలుకకు పట్టాకే కొత్తవి చేర్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ఇరవై సీసాలు ఒక్కసారిగా పెట్టుకున్నవారికి ఏది ఏ రుచి ఇస్తుందో తెలియడం కష్టం.

బంగాళదుంపలకు చల్లదనం, చీకటి, గాలి కావాలి. వెలుతురు తగిలితే ఆకుపచ్చగా మారి, సోలనిన్ అనే చేదైన విషపదార్థం పెరుగుతుంది. బాగా పచ్చబడినవాటిని పారేయడమే మంచిది. ఉల్లిపాయలను వేరే బుట్టలో పొడిగా, గాలి ఆడేలా ఉంచండి. రెండూ కలిపి పోస్తే రెండూ త్వరగా పాడవుతాయి.

వండినది మిగిలితే రెండు గంటల్లోగా ఫ్రిజ్‌లో చేర్చండి. ఫ్రిజ్ లోపల 5 డిగ్రీలకు మించకూడదు. అన్నం విషయంలో ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే బియ్యంలో ఉండే ఒక రకం బాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, అన్నం గోరువెచ్చగా ఉన్నంతసేపు పెరుగుతాయి. అవి విడిచిన విషం మళ్లీ వేడి చేసినా పోదు.

ప్రశ్న: ప్రెషర్ కుక్కర్ కొనమని అందరూ అంటున్నారు. నాకు దాన్ని చూస్తేనే భయం. లేకుండా గడవదా?

జవాబు: గడుస్తుంది, కాకపోతే సమయం, ఇంధనం ఎక్కువ పడతాయి. మామూలు గిన్నెలో నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. కుక్కర్‌లో ఒత్తిడి వల్ల సుమారు 120 డిగ్రీల దాకా వెళుతుంది. పప్పు త్వరగా ఉడకడానికి కారణం ఆ ఇరవై డిగ్రీలే. మూత పెట్టే ముందు ఆవిరి గొట్టాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి రంధ్రంలోంచి చూడండి. అవతలి వెలుతురు కనిపించాలి. రబ్బరు రింగు బీటలు వారితే మార్చండి. పాత్రను మూడింట రెండు వంతులకు మించి, నురగ వచ్చే పప్పులైతే సగానికి మించి నింపవద్దు. ఒత్తిడి దానంతట అది దిగేదాకా మూత తీయవద్దు. ఇవి పాటించేవారు భయపడనక్కర్లేదు. ఒకరిద్దరికి మూడు లీటర్లది చాలు.

ప్రశ్న: వంటల పుస్తకాల్లో "ఉప్పు తగినంత" అని రాస్తారు. ఆ తగినంత ఎంతో నాకు తెలియదు కదా!

జవాబు: మీ బాధ న్యాయమైనదే. రాసేవారికి చెయ్యి తిరిగింది కాబట్టి వారికి ఆ మాట చాలు, చదివేవారికి చాలదు. గ్రాముల్లో చూపే చిన్న డిజిటల్ తూకం ఒకటి, కొలత చెంచాలు ఒక జత కొనండి. పెద్ద చెంచా 15 మిల్లీలీటర్లు, చిన్న చెంచా 5 మిల్లీలీటర్లు. మెత్తని ఉప్పు చిన్న చెంచాతో తలకొట్టి కొలిస్తే సుమారు 6 గ్రాములు తూగుతుంది. కల్లుప్పు గింజల మధ్య ఖాళీలుంటాయి కాబట్టి అదే చెంచాకు తక్కువ తూగుతుంది. అందుకే ఉప్పు రకం మారిస్తే కొలతా మారుతుంది. కిలో తూగే కూరకో సూప్‌కో 8 గ్రాములతో మొదలుపెట్టి, చివర్లో రుచి చూసి, చాలకపోతే చిటికెడు చొప్పున వేసుకోండి. ఎక్కువైతే మాత్రం బంగాళదుంప ముక్క వేస్తే ఉప్పంతా పీల్చేస్తుందన్న మాట నమ్మకండి. అది ఉప్పునీటినే పీలుస్తుంది తప్ప మిగిలిన నీటిలో ఉప్పును పలుచన చేయదు. ఉప్పు లేని నీళ్లో, కూరగాయలో, పప్పో చేర్చి పరిమాణం పెంచడమే దారి. వండిన ప్రతిసారీ ఎంత వేశారో, తిన్నాక ఎలా అనిపించిందో వంటకం పేరు పక్కనే పెన్సిలుతో రాసి పెట్టుకోండి, మరుసటిసారి ఆ అంకె నుంచే మొదలుపెట్టవచ్చు.