ఊటీ వెళ్ళేముందు మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడిని మామయ్య ఆశీర్వదించి రాయునది.

మూడు రోజుల్లో పదకొండు పాయింట్లు చూడాలని నువ్వు వేసిన పట్టిక చూశాను. అందులో సగం కొట్టెయ్. ఊటీలో అసలు చూడాల్సింది కొండ ఎక్కే దారి. ఆ దారిని పిల్లలు కారులో నిద్రపోతుండగా దాటేస్తే, పైన మిగిలేది జనం, గుర్రాలు, కాల్చిన మొక్కజొన్న పొత్తులు. అందుకని ముందు రైలు సంగతి చూడు, హోటలు తర్వాత.

విజయవాడలో పొద్దున్నే పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్. అక్కడే రాత్రి తొమ్మిది దాటాక నీలగిరి ఎక్స్‌ప్రెస్ బయల్దేరుతుంది. తెల్లారేసరికి కొండ కింది మేట్టుపాళయంలో దింపుతుంది. 7.10కి కొండ రైలు. నడుమ గంట కూడా ఉండదు కాబట్టి స్టేషన్లోనే మొహాలు కడిగించు. పిల్లలకి రెండేసి ఇడ్లీలు చాలు. పాలు, పూరీలు పెట్టావంటే వంపుల్లో కక్కుతారు. కడుపు మరీ ఖాళీగా ఉన్నా కక్కుతారు, అది మర్చిపోకు.

టిక్కెట్లు 60 రోజుల ముందు, పొద్దున 8 గంటలకి తెరుస్తారు. సీట్లు తక్కువ, సెలవుల్లో నిమిషాల్లో అయిపోతాయి. వెతికేటప్పుడు ఊటీ అని కాకుండా ఉదగమండలం అని కొట్టు. అందరి పేర్లూ వయసులూ ముందే ఎక్కించి పెట్టుకో, 8 గంటలకి టైపు చేస్తూ కూర్చుంటే వెయిటింగ్ లిస్టే. ఎక్కేటప్పుడే ఈ రైలు తీసుకో, దిగేటప్పుడు దొరక్కపోయినా ఫరవాలేదు. అసలు దొరక్కపోతే దారి మధ్యలో కొండ మీదుండే కూనూరు దాకా బస్సులో పోయి, అక్కణ్ణించి ఊటీకి రైలెక్కు. రోజూ మూడు నాలుగు బళ్ళుంటాయి, గంట పైచిలుకు ప్రయాణం. కాకపోతే పళ్ళ పట్టా ఆ ముక్కలో ఉండదు.

పళ్ళ పట్టా అంటే ఏమిటో పిల్లలకి కల్లార్ స్టేషన్ దగ్గర చూపించు. అక్కడినుంచి కూనూరు దాకా రెండు పట్టాల మధ్యన పళ్ళున్న ఇనప బద్దీలు రెండు పక్కపక్కన పరిచి ఉంటాయి. ఒకదాని పన్ను ఉన్నచోట రెండోదాని సందు వస్తుంది. ఇంజను కింది పళ్ళ చక్రం ఎప్పుడూ ఏదో ఒక పన్నుని పట్టుకునే ఉంటుందన్నమాట. వాలు 12 అడుగులకి ఒక అడుగు. అంత వాలులో మామూలు చక్రం నున్నటి పట్టా మీద జారిపోతుంది. ఆవిరి ఇంజను ముందుండి లాగదు, వెనక నుంచి తోస్తుంది. ప్రతి పెట్టెకీ ఒక బ్రేకు మనిషి విడిగా ఉంటాడు, జెండా ఊపుతూ కనిపిస్తాడు. 46 కిలోమీటర్లకి దాదాపు అయిదు గంటలు. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేసిన దారి ఇది. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. కూనూరు దాకా ఎడమ పక్క, తర్వాత కుడి పక్క కూర్చుంటే లోయ బాగా కనిపిస్తుంది. హిల్‌గ్రోవ్‌లో నీళ్ళు పట్టుకోవడానికి ఆగుతుంది. దిగి టీ తాగండి గానీ, పిల్లల చేతిలో బిస్కెట్ ప్యాకెట్ ఉండనీయకు. కోతులు మనిషిని చూడవు, ప్యాకెట్‌నే చూస్తాయి.

అక్టోబరు నుంచి డిసెంబరు మొదటి వారాల దాకా ఈ ప్రయాణం పెట్టుకోకు. ఈశాన్య రుతుపవనాల వానకి మట్టి కరిగి రాళ్ళు పట్టాల మీదికి దొర్లుతాయి, మేట్టుపాళయం–కూనూరు ముక్క రోజుల తరబడి ఆపేస్తారు. ఏప్రిల్, మే అంటే తిరణాలే. నన్నడిగితే జనవరి చివరినుంచి మార్చి దాకా.

బెంగళూరు నుంచి కారులో వచ్చి కలుస్తామన్న మీ బాబాయి వాళ్ళకి మూడు మాటలు చెప్పు. ఒకటి, ఈ-పాస్, అంటే బండికి ముందే తీసుకోవాల్సిన అనుమతి. 2024 మే నుంచి సొంత బండికీ టాక్సీకీ అది తప్పనిసరి. 2025 ఏప్రిల్ నుంచి వేసవి నెలల్లో రోజుకి 6,000 బళ్ళు, శని ఆదివారాల్లో 8,000 అని పరిమితి కూడా పెట్టారు. బస్సులో, రైల్లో వచ్చేవాళ్ళకి ఆ గొడవ లేదు. రెండు, బందిపూర్ అడవి దారి రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. మూడు, దిగేటప్పుడు కల్లట్టి ఘాట్ వద్దు, గూడలూరు మీదుగా రమ్మను. కల్లట్టిలో 36 హెయిర్‌పిన్ వంపులు, నిట్టనిలువు వాలు. ఏ దారిలోనైనా దిగేటప్పుడు రెండో గేరే. అదేపనిగా బ్రేకు తొక్కితే అది వేడెక్కి కాలిన వాసన వస్తుంది, ఆపైన పెడల్ కిందిదాకా పోయినా బండి ఆగదు. వాసన తగలగానే పక్కకి తీసి అరగంట ఆపాలి. తొందరపడి నీళ్ళు పోశారా, డిస్క్ వంకర పోతుంది.

ప్లాస్టిక్ నీళ్ళ సీసాలు నీలగిరి జిల్లాలో నిషేధం, చెక్‌పోస్టులోనే తీసేసుకుంటారు. మనిషికో స్టీలు సీసా సర్దు.

గది తీసుకునేటప్పుడు అడగాల్సింది వేణ్ణీళ్ళు ఏ వేళల్లో వస్తాయి, గదికి ఎన్ని మెట్లు అని. కొండ మీద "గ్రౌండ్ ఫ్లోర్" అన్నా రోడ్డు నుంచి నలభై మెట్లు దిగాల్సి రావచ్చు. అక్క మోకాళ్ళు గుర్తుపెట్టుకో. ఊరు 2,240 మీటర్ల ఎత్తు, డిసెంబరు, జనవరి రాత్రుల్లో గడ్డి మీద మంచు గడ్డకడుతుంది. ఒక్క లావు కోటు కన్నా పల్చటివి మూడు పొరలు నయం, ఎండెక్కాక ఒక్కోటీ తీసేయొచ్చు. ఎంత చలేసినా తలుపులు బిగించుకుని గదిలో బొగ్గుల కుంపటి మాత్రం పెట్టనివ్వకు. దాని విషవాయువుకి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వంటగది ఉన్న కాటేజీ అయితే అన్నం కుక్కర్లోనే వండుకోండి. నీళ్ళు అక్కడ 92, 93 డిగ్రీలకే మరిగిపోతాయి, విడిగిన్నెలో బియ్యం ఉడకడానికి మామూలు కన్నా ఎక్కువసేపు పడుతుంది.

దిగిన రోజు ఏమీ పెట్టుకోకు. మర్నాడు పొద్దున్నే దొడ్డబెట్ట శిఖరం (2,637 మీటర్లు), మధ్యాహ్నమైతే మబ్బు తప్ప ఏమీ కనపడదు. అక్కణ్ణించి బొటానికల్ గార్డెన్, 1848లో వేసింది. జనమంతా గేటు దగ్గరి పచ్చికలోనే ఆగిపోతారు. మీరు పైకి నడవండి. రెండు కోట్ల ఏళ్ళ నాటి రాయైపోయిన మాను ఉంది, ఇంకా పైన తోడా అనే కొండజాతి వాళ్ళ మంద్, అంటే వాళ్ళ పల్లె. సగం పీపా బోర్లించినట్టుండే గుడిసె, పాక్కుంటూ తప్ప దూరలేని వాకిలి. అడక్కుండా లోపలికి వెళ్ళొద్దు, ఫోటో తీయొద్దు. సెయింట్ స్టీఫెన్స్ చర్చిలో తలెత్తి దూలాలు చూడమను. శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ మహలు పడగొట్టి తెచ్చినవి. ఈ ఊరిని కట్టించిన కలెక్టర్ జాన్ సల్లివన్ భార్య సమాధి ఆ ఆవరణలోనే ఉంది. సరస్సు కూడా ఆయన తవ్వించిందే గానీ, బోటు కోసం గంట క్యూలో నిలబడేంత అందం అందులో నాకు కనపడదు.

కొనాల్సినవి మూడే. తోడా శాలువా అయితే తిరగేసి చూడు. దారాలు లెక్కపెట్టి కుట్టిన చేతిపని తిరగవైపు కూడా నిండుగా ఉంటుంది, వాళ్ళు ఆ గరుకు వైపునే పైకి కప్పుకుంటారు. అచ్చు వేసింది వెనక తెల్లగా ఉంటుంది. టీ అయితే పాలల్లోకి గుళికల పొడి, పాలు లేకుండా తాగేందుకు ఆకు రకం. నీలగిరి తైలం తెల్ల కాగితం మీద ఒక చుక్క వేయించు. ఆరాక జిడ్డు మరక మిగిలితే అందులో వేరే నూనె కలిసింది. చంటిదాని ముక్కుకి మాత్రం అది రాయొద్దు, ఊపిరి పట్టేస్తుంది. చాక్లెట్లు నీ ఇష్టం, విజయవాడ చేరేసరికి పాకమే.

ముందు టిక్కెట్టు సంగతి చూసి, దొరికిందో లేదో రెండు ముక్కలు రాయి. అక్కకీ బావగారికీ నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ మామయ్య