క్లాస్-ఎ ఆంప్లిఫయర్ కట్టబోతున్న మేనల్లుడికి

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

నిన్న ఫోన్‌లో సర్క్యూట్ బొమ్మ పంపమన్నావు. పంపుతాను, అది ఒక్క కాగితం పని. 1969 ఏప్రిల్‌లో జాన్ లిన్స్‌లీ హుడ్ గారు ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో ఇచ్చిన పది వాట్ల క్లాస్-ఎ సర్క్యూట్ అది. మొదటిసారి కట్టేవాళ్లకి ఇప్పటికీ నేను దాన్నే చెబుతాను. ఒక్కో చానెల్‌కి నాలుగే ట్రాన్సిస్టర్లు, ఒక సాయంత్రం కూర్చుంటే టంకం వేయడం అయిపోతుంది. నీ డబ్బూ ఓపికా తినేది బోర్డు కాదు, ట్రాన్స్‌ఫార్మరూ అల్యూమినియమూను. నువ్వు వాటి గురించి ఒక్క మాట కూడా అడగలేదు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు వేడి సంగతి. ఎనిమిది ఓమ్‌ల స్పీకర్‌కి ఈ సర్క్యూట్ 27 వోల్టుల మీద 1.2 ఆంపియర్లు తీసుకుంటుంది. పాట వస్తున్నా, రాకపోయినా అంతే. అంటే చానెల్‌కి 32 వాట్లు. చానెల్‌కి పది వాట్ల సంగీతం కోసం రెండు చానెళ్లూ కలిపి 65 వాట్లు ఎప్పుడూ కాలుతూనే ఉండాలి. నిశ్శబ్దంగా ఉన్నప్పుడే ఎక్కువ వేడెక్కుతుంది, గట్టిగా వాయిస్తే కొంత భాగం స్పీకర్‌లోకి పోయి కాస్త చల్లబడుతుంది. మామూలు ఆంప్లిఫయర్ అలవాటున్నవాళ్లకి ఇది వింతగా ఉంటుంది. కానీ ట్రాన్సిస్టర్ ఎప్పుడూ ఆగిపోకుండా పనిచేయడం వల్లనే వీణ మీటు చివర, గొంతు సన్నబడేచోట ఆ నునుపు వస్తుంది. మిగతా రకాల్లో ఒక ట్రాన్సిస్టర్ ఆగి ఇంకొకటి అందుకునేచోట పడే గరుకు ఇందులో ఉండదు.

నేను మొదటిది కట్టింది పెదవాల్తేరులో అద్దెకున్న ఇంట్లో, డిసెంబర్ నెల. ఒక రాత్రి కరెంటు సరిగ్గా 1.2 దగ్గర పెట్టి మూత బిగించేశాను. మే నెల మధ్యాహ్నం చూస్తే 1.5 దాటింది. ట్రాన్సిస్టర్ వేడెక్కేకొద్దీ దాని గెయిన్ (కరెంటుని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ అంకె) పెరుగుతుంది, గెయిన్ పెరిగితే కరెంటు పెరుగుతుంది, అది మళ్లీ వేడి పెంచుతుంది. హీట్ సింక్ (వేడిని గాలిలోకి వదిలే అల్యూమినియం రెక్కల దిమ్మ) చిన్నది పెట్టాను, దానికి గాలి ఆడే దారి లేదు. ఎడమ చానెల్ పోయింది. కెపాసిటర్ ద్వారా స్పీకర్‌కి వెళ్లే సర్క్యూట్ కాబట్టి స్పీకర్ మాత్రం దక్కింది. నీకు ఆ బాధ వద్దు.

విశాఖలో వేసవిలో గది 35 డిగ్రీలు అనుకునే లెక్క వెయ్యి. హీట్ సింక్‌కి డిగ్రీ-పర్-వాట్ అని ఒక అంకె ఉంటుంది. చానెల్‌కి ఒకటి చొప్పున 0.6 లేదా అంతకన్నా తక్కువది తీసుకో. 32 వాట్లకి 19 డిగ్రీలు పెరిగి 54 దగ్గర ఆగుతుంది. చెయ్యి ఆనిస్తే నాలుగైదు సెకన్లు ఓర్చుకోగలిగే వేడి అది. కొత్తవి ఖరీదనిపిస్తే పాత యూపీఎస్‌లు విప్పి అమ్మే సామాను కొట్లలో వెతుకు. రెక్కలు నిలువుగా నిలబడాలి, కింద రెండు అంగుళాల ఖాళీ ఉండాలి. అలమరలో పెట్టకు. ఫ్యాన్ పెట్టుకుందామని నీకు తప్పకుండా అనిపిస్తుంది, వద్దు. ఆ చప్పుడు వింటూ క్లాస్-ఎ వినడం ఎందుకు?

ట్రాన్సిస్టర్లు 2ఎన్3055 చాలు, కాస్త ఎక్కువ పెట్టగలిగితే ఎంజే15003. నకిలీలు చాలా తిరుగుతున్నాయి. డాబాగార్డెన్స్‌లో కొంటే రెండు చేతుల్లో రెండు పట్టుకుని బరువు చూడు, మీటర్ పెట్టి గెయిన్ దగ్గర దగ్గరగా ఉన్న జతలు ఏరుకో. ఇంకో రెండు అదనంగా తెచ్చుకో. వీటికి లోహపు ఒళ్లే కలెక్టర్, అంటే ఒంటి మీదే కరెంటు ఉంటుంది, కాబట్టి కరెంటు దాటనివ్వని మైకా రేకు, ప్లాస్టిక్ బుష్‌లు లేకుండా హీట్ సింక్‌కి తగిలించకూడదు. బెజ్జం చుట్టూ లేచిన గరుకుని ఆకురాయితో పూర్తిగా తీసెయ్, ఒక్క ముల్లు మిగిలినా మైకాని చీల్చేస్తుంది. థర్మల్ పేస్ట్ పల్చగా, రెండు వైపులా రాయి. బిగించాక మీటర్‌తో ట్రాన్సిస్టర్ ఒంటికీ హీట్ సింక్‌కీ మధ్య చూడు. బీప్ వస్తే విప్పి మళ్లీ చెయ్యి.

ఇక పవర్ సప్లై. హమ్ (గుయ్‌మనే రొద) వస్తుందని ఏడ్చేవాళ్లలో చాలామంది పొదుపు చేసింది ఇక్కడే. 24 వోల్టుల సెకండరీతో 200 వీఏ (వోల్ట్-ఆంపియర్, మోయగల లోడు) ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించుకో. మరీ తక్కువ వీఏది పెడితే బాగా వేడెక్కిపోతుంది, ఎందుకంటే దీనికి విశ్రాంతి ఉండదు. ఏసీని డీసీ చేసే బ్రిడ్జి లోహపు ఒంటిది, 35 ఆంపియర్లది పెట్టి, దాన్ని డబ్బా అడుగుకి బిగించు. పది వేల మైక్రోఫారడ్‌ల కెపాసిటర్ ఒక్కటే పెడితే రెండు చానెళ్ల లోడుకి రెండున్నర వోల్టుల దాకా అలలు మిగులుతాయి. అవి 100 హెర్ట్జ్ హమ్‌గా నేరుగా వినిపిస్తాయి. అందుకని దాని తర్వాత ఆ అలల్ని అణిచే కెపాసిటెన్స్ మల్టిప్లయర్ పెట్టు. ఒక పెద్ద ట్రాన్సిస్టర్, ఒక రెసిస్టర్, ఒక కెపాసిటర్, అంతే. అది మూడు నాలుగు వోల్టులు తింటుంది. 24 ఏసీ లోడు మీద సుమారు 30 డీసీ ఇస్తుంది కాబట్టి చివరికి నీకు కావాల్సిన 27 చేతికి వస్తుంది. ఆ ట్రాన్సిస్టర్ కూడా ఎనిమిది వాట్లు కాలుస్తుంది, దానికీ చిన్న హీట్ సింక్ మర్చిపోకు.

ఎర్త్ తీగలన్నీ ఒకే బోల్టు దగ్గర కలవాలి. బ్రిడ్జి నుంచి కెపాసిటర్‌కి వెళ్లే తీగల్లో కరెంటు దెబ్బలు దెబ్బలుగా పారుతుంది, ఇన్‌పుట్ తీగని ఆ దారికి దూరంగా తీసుకెళ్లు. మూడు పిన్నుల ప్లగ్ తప్పనిసరి, ఎర్త్ పిన్ను ఇనుప డబ్బాకి గట్టిగా తగలాలి. ఈ విషయంలో నా మాట దాటకు. పని చేసేటప్పుడు ఉంగరం తీసి పక్కన పెట్టు. ఆ పెద్ద కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య వెయ్యి ఓమ్‌లు, రెండు వాట్ల రెసిస్టర్ ఒకటి వేసి ఉంచితే ఆపేసిన ఒక నిమిషానికి ఖాళీ అవుతుంది.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు స్పీకర్ తగిలించకు. స్పీకర్ బదులు ఎనిమిది ఓమ్‌ల వైర్‌వౌండ్ రెసిస్టర్ పెట్టు. మెయిన్స్‌కి సిరీస్‌లో వంద వాట్ల పాత రకం ఫిలమెంట్ బల్బు వేసి చూడు. బల్బు ఫుల్లుగా వెలిగిందంటే ఎక్కడో షార్ట్ ఉన్నట్టు. మసకగా వెలుగుతూనే ఉంటే కంగారు పడకు, ఈ రకం ఆంప్లిఫయర్ ఎప్పుడూ లోడు తీసుకునేదే. కాకపోతే బల్బు ఉండగా బయాస్ (పాట లేనప్పుడు పారే కరెంటు) సెట్ చేయకూడదు, వోల్టేజి పూర్తిగా రాదు. అది తీసేశాక సెట్ చెయ్యి, అందుకు రెండు ప్రీసెట్‌లు (తిప్పి సరిచేసే చిన్న రెసిస్టర్లు) ఉంటాయి. ఒకదానితో అవుట్‌పుట్ మధ్య బిందువుని 13.5 వోల్టుల దగ్గర పెట్టు, రెండోదానితో కరెంటు. ఒక్కో చానెల్ సప్లై దారిలో 0.1 ఓమ్ రెసిస్టర్ వేసి దాని మీద 120 మిల్లీవోల్టులు చూసుకుంటే 1.2 ఆంపియర్లు అన్నట్టే. అరగంట వేడెక్కనిచ్చి మళ్లీ సరిచెయ్యి. గంటకి ఇంకోసారి. మే నెలలో తప్పనిసరిగా మళ్లీ చూడు.

మీ ఇల్లు లాసన్స్ బే వైపు కాబట్టి ఉప్పుగాలి సంగతి వేరేగా చెబుతున్నాను. రాగి మీద నెలల్లో చిలుము పడుతుంది. బోర్డు అంతా అయ్యి, పరీక్ష కూడా అయ్యాక టంకం వైపు పిసిబి వార్నిష్ పల్చగా కొట్టు. స్పీకర్ టెర్మినళ్లని ఏడాదికి రెండుసార్లు విప్పి తుడువు. హీట్ సింక్ రెక్కల మధ్య పేరుకునే జిగురు దుమ్ముని ఎండు బ్రష్‌తో తీస్తూ ఉండు. ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు 105 డిగ్రీల రకం కొని, హీట్ సింక్‌కి వీలైనంత దూరంగా పెట్టు. పది డిగ్రీలు తగ్గితే వాటి ఆయుష్షు దాదాపు రెట్టింపు అవుతుంది.

పది వాట్లు సరిపోతాయా అని అక్కయ్య అడిగిందట. 90 డెసిబెల్ సెన్సిటివిటీ (ఒక వాటుకి ఎంత గట్టిగా పలుకుతుందో చెప్పే అంకె) ఉన్న స్పీకర్ అయితే మీ హాలుకి పుష్కలం. కరెంటు బిల్లు అడిగితే, గోడ దగ్గర తొంభై వాట్ల దాకా లాగుతుంది, పదకొండు గంటలకి ఒక యూనిట్ అని చెప్పు. విన్నప్పుడే ఆన్ చేస్తావని కూడా చెప్పు.

ట్రాన్స్‌ఫార్మర్ చుట్టించాక, హీట్ సింక్ దొరికాక దాని పొడవు, ఎత్తు, రెక్కల లెక్క రాసి పంపు. బెజ్జాలు వేయకముందే పంపు. ఆ తర్వాత వచ్చే ఆదివారం నా రెండు మీటర్లూ పట్టుకుని ఉదయాన్నే వస్తాను. బయాస్ ఇద్దరం కూర్చుని పెడదాం.

ఇట్లు,
మావయ్య