కోడితోనే పిల్లలు తీయించడం: మా పెరటి అనుభవం

నాలుగు నాటుకోళ్లున్నాయి, ఇంక్యుబేటర్ కొనకుండా పిల్లలు తీయించొచ్చా, ఎన్ని గుడ్లు పెట్టాలి అని అడిగారు. తీయించొచ్చు. మా ఇంట్లో ఎప్పుడూ అలాగే. కాకపోతే ముహూర్తం పెట్టేది మనం కాదు, కోడి. గుడ్లు పెట్టడం మానేసి, గంపలోంచి లేవకుండా, చెయ్యి పెడితే ఈకలు ఉబ్బించి పొడవబోతే పొదుగుకొచ్చినట్టే. అయినా రెండు రోజులు చూడండి. వనరాజా అనే సంకరజాతి కోళ్లు పొదుగుకు రావడం అరుదు, వాటి గుడ్లయినా నాటుకోడి కిందే పెట్టాలి.

పది, పన్నెండు గుడ్లు చాలు. నేను మొదటిసారి ఆశకు పోయి 18 పెట్టాను. మా కోడేమో చిన్నది. అంచున ఉన్నవాటిని లోపలికి లాక్కుంటే లోపలివి బయటికొచ్చేవి. అలా అన్నీ వంతులవారీగా చల్లబడి చివరికి ఆరు పిల్లలే లేచాయి. వారం లోపు పెట్టిన గుడ్లే తీసుకోండి, కడగొద్దు. గంపలో ఎండుగడ్డి వేసి అన్నీ ఒకే రాత్రి పెట్టేయండి. పెన్సిల్‌తో గీత గీస్తే, తర్వాత వేరే కోడి వచ్చి పెట్టిపోయిన గుడ్డు ఇట్టే తెలిసిపోతుంది.

కోడి రోజుకోసారి దిగుతుంది. గబగబా నాలుగు గింజలు తిని, నీళ్లు తాగి, ఇంత పెద్ద కంపు రెట్ట వేసి, మట్టిలో పొర్లి పావుగంటలో మళ్లీ ఎక్కేస్తుంది. గుడ్లు చల్లారిపోతాయని టెన్షన్ పడొద్దు. ఏడో రోజు రాత్రి సెల్‌ఫోన్ లైటు మీద గుడ్డు పెట్టి చూస్తే సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు కనిపించాలి. ఏమీ లేనివి తీసేయండి, ఉంచితే మురిగి పగులుతాయి.

21వ రోజున మాత్రం చేతులు కట్టుకోండి. ఒకసారి పిల్ల బయటికి రాలేకపోతోందని జాలిపడి నేనే పెంకు ఒలిచాను. లోపలి పొర నుంచి రక్తం కారి, సాయంత్రానికి చచ్చిపోయింది.

అసలు నష్టమంతా తర్వాతే. పిల్లలకు రెక్కలొచ్చేదాకా కాకి, గద్ద, పిల్లి కాచుకుని ఉంటాయి. మొదటి రెండు వారాలు తల్లితో సహా గంప కిందే ఉంచి నూకలు వేయండి, నీళ్లు లోతులేని మూకుడులో గులకరాళ్లు వేసి పెట్టండి. పిల్లలు పుట్టిన ఏడో రోజున, కొక్కెర తెగులు రాకుండా లసోటా టీకా చుక్క కంట్లో వేయించండి. ఒక సీసా చాలా పిల్లలకొస్తుంది, కలిపాక నిల్వ ఉండదు. మేం పక్కింటివాళ్లతో కలిసి తెచ్చుకుంటాం.

రెండు నెలలకు ఆ తల్లే పిల్లల్ని పొడిచి తరుముతుంది. కంగారుపడకండి, మళ్లీ గుడ్లకొస్తోందన్నమాట.