కరెంటు అమ్మే కంపెనీలు ఎక్కువైతే రేటు తగ్గుతుందా?

తప్పకుండా తగ్గుతుందని లేదు. ఏ ఒక్క కంపెనీ తప్పుకున్నా ఆ పూట డిమాండ్ తీరినప్పుడే పోటీ నిజంగా పనిచేస్తుంది. కరెంటును వడ్లలా గోదాములో నింపి పెట్టుకోవడం కష్టం. వాడకమూ రేటు చూసి తగ్గదు: నల్గొండలో యాసంగి వరికి నీళ్లు పెట్టే రైతుకు పవర్ ఎక్స్ఛేంజీ (కరెంటు వేలంలో కొని అమ్మే మార్కెట్) ధర కనిపించనే కనిపించదు.

సాయంత్రం సోలార్ ఆగాక 1,000 మెగావాట్లు కావాలనుకుందాం. ముగ్గురి దగ్గర 500, 400, 300 ఉన్నాయి. మొత్తం 1,200, సరిపోయినట్టే. కానీ పెద్ద కంపెనీ లేకపోతే మిగిలేది 700 మాత్రమే, కాబట్టి అది ఎంత చెప్తే అంత. ఎక్స్ఛేంజీ వేలంలో డిమాండ్ తీరడానికి కొన్న చివరి, అన్నిటికంటే ఖరీదైన యూనిట్ ధరే అమ్మినవాళ్లందరికీ దక్కుతుంది. అందుకని రిపేరు పేరుతో కొంత ఆపేసినా, మిగతా దాని మీద లాభమే. ఇది చిన్న విషయం కాదు, 2000-01లో కాలిఫోర్నియా దీనివల్ల చాలా నష్టపోయింది. మన దగ్గర కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ 2023లో ఎక్స్ఛేంజీలో గరిష్ఠ ధరను యూనిట్‌కు 12 నుంచి 10 రూపాయలకు దించింది.

చాలామంది కంపెనీల సంఖ్య లెక్కపెట్టి పోటీ ఉందనుకుంటారు. చూడాల్సింది పీక్ గంటలో, అంటే వాడకం అన్నిటికంటే ఎక్కువుండే గంటలో, మిగులు ఎంత, అది ఎవరి చేతిలో ఉంది అన్నది.