వేపింగ్ (ఈ-సిగరెట్ పీల్చడం) చేస్తే బీపీ, గుండె వేగం నిజంగా పెరుగుతాయా?

పెరుగుతాయండి, అదీ నిమిషాల్లోనే. పొగ లేదు కదా, ఆవిరే కదా అని చాలామంది అనుకుంటారు గానీ ఇక్కడ గుండెని పరిగెత్తించేది ముఖ్యంగా నికోటిన్. అది ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి, అక్కణ్ణుంచి సెకన్లలో మెదడుకి వెళ్తుంది, అడ్రినలిన్ విడుదలవుతుంది, రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె గబగబా కొట్టుకుంటుంది, దాంతో బీపీ పైకి లేస్తుంది. కాసేపటికి దిగుతుంది, నిజమే, కానీ రక్తంలో నికోటిన్ సగానికి తగ్గడానికే దాదాపు 2 గంటలు పడుతుంది, ఈలోపు మళ్ళీ నాలుగు దమ్ములు లాగితే గుండెకి రెస్ట్ ఎక్కడిది? సిగరెట్ అయితే కాలిపోయాక ఆగుతారు, వేప్‌కి ఆ ముగింపే ఉండదు, నాకు ఎక్కువ భయం వేసేది అదే. పైగా నికోటిన్ సాల్ట్ (యాసిడ్ కలిపి ఘాటు తగ్గించిన నికోటిన్) ఉన్నవి గొంతులో పెద్దగా మంట పెట్టవు, ఎంత లోపలికి పోయిందో తెలీదు.

ఇండియాలో 2019 నుంచి ఈ-సిగరెట్ల అమ్మకమే నిషేధం, కాబట్టి చాటుగా దొరికేవాటి మీద రాసిన నికోటిన్ శాతాన్ని నమ్మొద్దు.

బీపీ చూపించుకునే ముందు కనీసం 30 నిమిషాలు లాగకండి, రీడింగ్ ఎక్కువొచ్చేస్తుంది. ఇప్పటికే బీపీ మాత్రలు వేసుకుంటుంటే మాత్రం ఈ సంగతి డాక్టర్‌కి దాచకుండా చెప్పండి.